సెంటర్ బోల్టు తెగిన మోకాలు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాకు 32 ఏళ్ళు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ మెకానిక్‌ని. ఇల్లు గుణదల. ఆగస్టులో ఒక రాత్రి పని ముగించుకుని ఇంటికొస్తుంటే వాన బురదకి బండి జారింది. పడిపోకుండా ఎడమ కాలు ఆనించాను. కాలు అక్కడే ఉండిపోయింది, ఒళ్ళు తిరిగింది. లోపల ‘టప్’ మని శబ్దం వినపడింది. ఇంటికెళ్ళేసరికి మోకాలు కొబ్బరిబోండంలా వాచింది. ఎక్స్‌రే తీసి ఎముక విరగలేదు, భయం లేదన్నారు. రెండు వారాలు బ్యాండేజీ కట్టి మాత్రలు వాడాను. వాపు తగ్గాక పనిలోకి వెళ్ళాను. క్యాబిన్ మీంచి దూకితే మోకాలు జారిపోయి కూలబడ్డాను. వారం తర్వాత జాకీ పట్టుకుని పక్కకి తిరుగుతుంటే మళ్ళీ అదే. స్కానింగ్‌లో ముందు లిగమెంట్ పూర్తిగా తెగిందని వచ్చింది. ఒక డాక్టరు గారు వెంటనే ఆపరేషన్ అన్నారు. ఇంకొకరు ‘నువ్వేం ఆటలాడవు కదా, అక్కర్లేదు’ అన్నారు. మా అత్తగారు పుత్తూరు కట్టు కట్టిద్దామంటున్నారు. పక్కింటాయన బావమరిదికి ఇదే ఆపరేషన్ చేస్తే ఇప్పుడు కాలు ముడవట్లేదట. తిన్నగా నడిస్తే నాకు నొప్పే లేదు. మరి ఆపరేషన్ ఎందుకు? చేయించుకోకపోతే కాలు పోతుందా? చేయించుకుంటే ఎన్నాళ్ళు పని మానాలి? ఇద్దరు చిన్న పిల్లలు. దసరాకి మెట్లెక్కి అమ్మవారి దర్శనం చేసుకుంటానని మొక్కు కూడా ఉంది.
– పేరు వద్దన్న పాఠకుడు, గుణదల

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన ముక్క స్కానింగ్ సంగతి కాదు. ‘జాకీ పట్టుకుని పక్కకి తిరుగుతుంటే’ అన్నారు చూడండి, అదీ. తిన్నగా నడిస్తే బాగుంటోంది, దూకినా తిరిగినా మోసం చేస్తోంది. ఈ లిగమెంట్ తెగిన మోకాలు సరిగ్గా ఇలాగే ఉంటుంది. మీకు అర్థం కాక అడిగిన ప్రశ్నకి సగం జవాబు మీరే రాసి పంపారు.

మీ ఆటోనగర్ భాషలోనే చెబుతాను. నా దగ్గరికి ఫిజియోథెరపీకి, అంటే వ్యాయామాలతో చేసే వైద్యానికి, వచ్చే వాళ్ళలో సగం మంది అక్కడివాళ్ళే, వాళ్ళ దగ్గరే నేర్చుకున్నాను. లారీ బరువు మోసే కమాన్ పట్టీల మధ్య, వాటిని కలిపి ఇరుసు (యాక్సిల్) మీద కుదురుగా ఉంచే సెంటర్ బోల్టు ఉంటుంది. అది తెగినంత మాత్రాన బండి ఆగిపోదు. పట్టీలని యాక్సిల్‌కి బిగించే యూ బోల్టులు గట్టిగా ఉంటే తిన్నటి రోడ్డు మీద డ్రైవరుకి తేడా కూడా తెలియకపోవచ్చు. లోడుతో మలుపు తిరిగినప్పుడో, గుంతలో పడినప్పుడో యాక్సిల్ పక్కకి జరుగుతుంది. మీ మోకాల్లో తెగింది ఆ సెంటర్ బోల్టు. దాని పేరు ఏసీఎల్. తొడ ఎముకనీ కింది కాలి ఎముకనీ కలుపుతూ మోకాలి నడిబొడ్డున ఏటవాలుగా ఉంటుంది. పొడవు మూడు సెంటీమీటర్లకి కాస్త ఎక్కువ, మందం చిటికెన వేలికి కొంచెం అటూ ఇటూ. కింది ఎముక ముందుకి జారిపోకుండా, మెలిపడకుండా పట్టుకోవడం దాని పని. తిన్నగా నడిచేటప్పుడు ఆ పనిని తొడ కండలు చాలావరకు మోసేస్తాయి. ఒంటి కాలి మీద ఒళ్ళు తిప్పినప్పుడు, ఎత్తు మీంచి దిగినప్పుడు కండ అందుకునే లోపే ఎముక జారుతుంది. మీరు కూలబడింది అందుకే. మీ యూ బోల్టులు తొడ ముందు కండ, వెనక కండ. ఈ మాట పక్కన పెట్టుకోండి, చివరిదాకా దీని చుట్టూనే తిరుగుతాం.

చాలామంది ‘నరం తెగింది’ అంటారు. అది నరం కాదు. నరం తెగితే పాదం తిమ్మిరెక్కుతుంది, పాదం పైకి లేవదు. లిగమెంట్ అంటే ఎముకకీ ఎముకకీ మధ్య తాడు. అయితే ఆ తాడులో సన్నని నరాల కొసలు ఉండే మాట నిజమే. మోకాలు ఎంత ముడిచి ఉందో, ఎటు తిరిగిందో మెదడుకి చెప్పే వాటిలో అవి కూడా ఉంటాయి. తాడుతో పాటు ఆ కబురు కూడా తెగుతుంది. చీకట్లో మెట్లు దిగేటప్పుడు ‘ఈ కాలు నాది కాదేమో’ అనిపిస్తోందని కొందరు అంటారు. భ్రమ కాదది.

మొదటి రోజు ఎక్స్‌రే చూసి భయం లేదన్న వాళ్ళ మీద కోపం పెట్టుకోకండి. ఎక్స్‌రేలో లిగమెంట్ కనపడదు. అసలు ఆనవాలు మీ దగ్గరే ఉంది. ‘టప్’ మన్న శబ్దం, కొన్ని గంటల్లోనే బోండంలా వచ్చిన వాపు. గంటల్లో అంత వాచిందంటే లోపల రక్తం చేరిందని లెక్క, అలా చేరిన మోకాళ్ళలో ఎక్కువ భాగం ఏసీఎల్ తెగినవే. మర్నాటికి నెమ్మదిగా వాచే మోకాలు వేరు. అనుభవమున్న డాక్టరు గారైతే మోకాలు కాస్త వంచి, కింది ఎముకని ముందుకి లాగి చూస్తే రెండు కాళ్ళకీ తేడా చేతికే తెలుస్తుంది. స్కానింగ్ దాన్ని ఖాయం చేస్తుంది, పక్కన ఇంకేం దెబ్బతిన్నాయో చెబుతుంది.

రిపోర్టు కాగితం మళ్ళీ ఒకసారి తీయండి. ఏసీఎల్ లైను కింద మెనిస్కస్ అని ఉంటుంది. అది రెండెముకల మధ్య ఉండే వాషరు, మోకాలికి రెండుంటాయి. అక్కడ ‘గ్రేడ్ 2 సిగ్నల్’ అని ఉంటే కంగారు పడొద్దు. వాషరు లోపల కాస్త మార్పు వచ్చింది, పైదాకా చీలలేదని దానర్థం. ‘గ్రేడ్ 3’ అంటే చీలిక అంచుదాకా వచ్చింది. అప్పుడు కథ మారుతుంది, డాక్టరుతో ఇంకాస్త త్వరగా మాట్లాడాలి. ‘బోన్ కంట్యూజన్’ అనో ‘బోన్ బ్రూయిజ్’ అనో కూడా ఉండొచ్చు. ఎముక విరిగిందని కాదు, ఒళ్ళు తిరిగినప్పుడు రెండెముకలూ గుద్దుకున్న చోట కమిలింది. నెలల్లో సర్దుకుంటుంది. రిపోర్టులో ఉన్న ప్రతి ఇంగ్లీషు ముక్కకీ ఒక రాత్రి నిద్ర పోగొట్టుకునే వాళ్ళని రోజూ చూస్తుంటాను, అందుకే ఇంత వివరంగా రాశాను.

ఇప్పుడు అసలు తగువు, ఆపరేషన్ కావాలా వద్దా. ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పారని మీరు బెంబేలెత్తారు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఒకాయన కాగితం చూసి చెప్పారు, ఇంకొకాయన మీరు ఆటలాడరన్న మాట చూసి చెప్పారు. రెండింటికీ మధ్య మీ పని ఉంది. దాన్ని ఎవరూ చూడలేదు. క్యాబిన్ మీంచి దిగడం, పిట్‌లోకి దిగడం, గేర్‌బాక్సు బరువు పట్టుకుని మెలి తిరగడం ఏ ఆటకి తీసిపోయాయని?

తెగిన ఏసీఎల్‌కి వెంటనే ఆపరేషన్ చేయకపోతే కొంప మునుగుతుందన్నది నిజం కాదు. స్వీడన్‌లో 18 నుంచి 35 ఏళ్ళ లోపు వాళ్ళని, ఆటలాడే వాళ్ళనే, 121 మందిని తీసుకుని చూశారు. ఒక గుంపుకి మొదట్లోనే ఆపరేషన్ చేసి ఫిజియో చేయించారు. 59 మంది ఉన్న రెండో గుంపుకి ముందు గట్టిగా ఫిజియో చేయించి, మోకాలు నిలవని వాళ్ళకి మాత్రం తర్వాత ఆపరేషన్ చేశారు. 2010లో ఫలితం బయటికొచ్చింది. రెండేళ్ళ తర్వాత నొప్పిలోగానీ కదలికలోగానీ రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండో గుంపులో 23 మందికి ఆ రెండేళ్ళలో ఆపరేషన్ అవసరమైంది, మిగతా 36 మందికి కాలేదు. అయిదేళ్ళు గడిచేసరికి ఆ 23 కాస్తా 30 అయింది. అంటే సగం మంది. అక్కడితో ఆగితే నేను మీకు సగమే చెప్పినట్టు. బ్రిటన్‌లో దెబ్బ తగిలి నెలలు గడిచినా మోకాలు జారుతూనే ఉన్న 316 మంది మీద ఇంకో పరీక్ష చేశారు, 2022లో అచ్చయింది. అందులో ఆపరేషన్ చేయించుకున్న వాళ్ళే మెరుగ్గా ఉన్నారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తేలేది ఒకటే: కొత్తగా తెగిన మోకాలికి ముందు కండ పెంచే అవకాశం ఇవ్వాలి, అప్పటికీ జారుతూనే ఉంటే ఆపరేషన్‌ని వాయిదా వేయకూడదు.

మీకు ఆ మొదటి అవకాశం ఎవరూ ఇవ్వలేదు. రెండు వారాలు బ్యాండేజీ, ఆ వెంటనే లారీ. మోకాలు వాచిన రోజు నుంచే తొడ ముందు కండ తనంతట తాను మూలన పడుతుంది, మీరు బద్ధకించారని కాదు, వాపు చూసి ఒళ్ళే దానికి కరెంటు తగ్గించేస్తుంది. ఈ రాత్రి ఒక పని చేయండి. దర్జీ టేపు ఒకటి సంపాదించండి. కూర్చుని కాళ్ళు చాపి, మోకాలి చిప్ప పై అంచు నుంచి పది సెంటీమీటర్లు పైకి కొలిచి పెన్నుతో గీత పెట్టండి. ఆ గీత దగ్గర రెండు తొడల చుట్టుకొలతా తీయండి. ఎడమది ఒకటి రెండు సెంటీమీటర్లు తక్కువ వచ్చినా నేను ఆశ్చర్యపోను. ఆ అంకె గోడ మీద రాసుకోండి. మీ కేసులో స్కానింగ్ కన్నా అదే ముఖ్యం.

తర్వాత వెల్లకిలా పడుకుని రెండు మడమల కిందా మడిచిన దుప్పటి పెట్టండి. కుడి మోకాలి వెనకభాగం కిందికి దిగినంత ఎడమది దిగుతోందా? దిగకపోతే మొదటి పని అదే, పూర్తిగా చాపడం. మోకాలు ఎంత ముడుస్తుందా అని అందరూ బెంగపడతారు, చాపడం సంగతి ఎవరికీ పట్టదు. అయిదు డిగ్రీలు చాలకపోయినా నడకలో కుంటు రావచ్చు, తొడ కండ పూర్తిగా బిగుసుకోదు. రోజుకి నాలుగైదు సార్లు మడమ కింద దుప్పటి పెట్టుకుని అయిదు నిమిషాలు అలా వదిలేయండి. అదే భంగిమలో మోకాలిని నేలకేసి నొక్కి తొడ బిగించి, పది అంకెలు లెక్కపెట్టి వదలండి. పది సార్లు. టీవీ చూస్తూ చేసినా ఫర్వాలేదు. చిప్ప పైకి కదలాలి. అది కదలకపోతే మీరు పిరుదు బిగిస్తున్నారు, తొడ కాదు.

అది వచ్చాక కాలు చాపి జానెడు ఎత్తు లేపడం. లేపేటప్పుడు మోకాలు వంగకూడదు. అది వచ్చాక గోడకి వీపు ఆనించి సగం దాకా జారడం, ఒక మెట్టు ఎక్కి దిగడం, మునివేళ్ళ మీద లేవడం, వెల్లకిలా పడుకుని నడుము లేపడం. వెనక కండని తక్కువగా చూడొద్దు, కింది ఎముకని వెనక్కి లాగి పట్టేది అదే, మీ రెండో యూ బోల్టు. చివరికి ఒంటికాలి మీద నిలబడి పళ్ళు తోముకోవడం. వినడానికి నవ్వొస్తుంది. ఇందాక తెగిన కబురు అన్నాను కదా, దాన్ని మళ్ళీ కలిపేది ఇలాంటి పనులే. మొదట కళ్ళు తెరిచి, పక్కన గోడ ఉండేలా. దగ్గర్లో ఎవరిదైనా సైకిల్ ఉంటే సీటు కాస్త ఎత్తు పెట్టి తొక్కండి, అది బంగారం.

ఎంత చేయాలో మీ మోకాలే చెబుతుంది. రాత్రి నొప్పి లెక్కలోకి రాదు, మర్నాడు పొద్దున వాపు చూడండి. లేచేసరికి చిప్ప పక్కన గుంటలు పూడిపోయి ఉంటే నిన్న ఎక్కువ చేశారు, ఇవాళ సగానికి తగ్గించండి, తడిగుడ్డలో చుట్టిన ఐసు పావుగంట పెట్టండి. గుంటలు అలాగే ఉంటే ముందుకెళ్ళండి. నొప్పి మాత్ర వేసుకుని పనికెళ్ళడం మాత్రం వద్దు. హారన్ వైరు పీకేసి బ్రేకులు బాగున్నాయనుకున్నట్టు ఉంటుంది.

ఈ వ్యాయామాలు చేసే వారాల్లో మీరు మానాల్సినవి మూడే. దూకడం, కాలు నేలకి అతుక్కుని ఉండగా ఒళ్ళు తిప్పడం, బరువుతో గొంతుక్కూర్చోవడం. పక్కకి తిరగాలంటే పాదాలు కదుపుతూ చిన్న చిన్న అడుగులతో తిరగండి. క్యాబిన్ మీంచి ముఖం లారీ వైపు పెట్టి, రెండు చేతులతో పట్టుకుని దిగండి. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ కాలు ముందు. ఇది మెట్లకీ వర్తిస్తుంది. మీ ఓనరుకి చెప్పి కొన్నాళ్ళు బెంచి పని ఇమ్మనండి. మీ చేతులకి ఏమీ కాలేదు కదా. బండి మీద కూడా జాగ్రత్త, గేరు వేసేదీ స్టాండు తన్నేదీ ఆగినప్పుడు నేల మీద ఆనేదీ మీ ఎడమ కాలే. అసలు దెబ్బ తగిలింది అలా ఆనిస్తేనే.

మోకాలికి తొడిగే నీక్యాప్ కొనుక్కోవాలా అని ఎలాగూ అడుగుతారు. పెట్టుకోండి, వెచ్చగా ఉంటుంది, జాగ్రత్త గుర్తుచేస్తుంది. సెంటర్ బోల్టు పని మాత్రం చేయదు. మోకాల్లోకి ఇచ్చే గుజ్జు ఇంజెక్షన్లు కూడా తెగిన ఏసీఎల్‌ని అతకవు. మందులతో అతుక్కుంటుందా అంటే, పక్కన ఉండే లిగమెంట్లు చాలావరకు వాటంతట అవే మానతాయి, కానీ ఏసీఎల్ కీలు నీళ్ళలో మునిగి ఉంటుంది. తెగిన చోట రక్తం గడ్డకట్టి నిలిస్తేనే ఏ గాయమైనా మానేది, ఇక్కడ అది కరిగిపోతుంది. కొందరిలో అతుక్కున్నట్టు తర్వాతి స్కానింగుల్లో కనిపించిన మాట నిజమే. దాని మీద ఆశ పెట్టుకుని కూర్చోవద్దు.

మీ అత్తగారి మాట. పెద్దావిడని చిన్నబుచ్చకండి, కానీ కట్టుకి వెళ్ళొద్దు. పుత్తూరు కట్టు పేరు ఎముక విరుగుళ్ళతో వచ్చింది. మీకు ఎముక విరగలేదు. కీలు నట్టనడుమ ఉన్న తాడుని బయట కట్టే ఆకు, గుడ్డ చేరలేవు. పైగా నెలకి పైగా బిగించి కూర్చోబెడితే ఉన్న కాస్త తొడ కండా కరిగిపోతుంది, మోకాలు కొయ్యబారుతుంది. నూనె పెట్టి పిసికించడం కూడా వద్దు. ఇది నేను పుస్తకం చూసి చెప్పట్లేదు. గుంటూరులో చదువుకునేటప్పుడు వాలీబాల్ ఆడుతూ బ్లాకుకి ఎగిరి ఒంటికాలి మీద దిగాను, మీకు వినపడిన ‘టప్’ నాకూ వినపడింది. గ్రౌండులోనే ఒక పెద్దమనిషి ‘కీలు తొలగింది’ అని కాలు పట్టుకుని లాగాడు, వారం పాటు నూనె రాశారు. మూడు నెలలకి తిన్నగా నడుస్తున్నాను కదా అని మళ్ళీ కోర్టులో దిగాను. ఈసారి మోకాలు సగం ముడిచి ఇరుక్కుపోయింది. వాషరు చీలి మధ్యలో అడ్డుపడింది. మొదటి దెబ్బ లిగమెంటుతో పోయేది, తొందరపడి వాషరు కూడా పోగొట్టుకున్నాను. ఆ తర్వాతే ఫిజియోథెరపీ చదవాలనిపించింది, అది వేరే కథ.

కాలు పోతుందా అన్నారు. పోదు. కానీ జారిన ప్రతిసారీ వాషరు నలుగుతుంది. మీకు ఇప్పటికి రెండుసార్లు జారింది. ఆపరేషన్ చేయని మోకాలికి అసలు ముప్పు అదే. ముందు ముందు కీలరుగుడు వచ్చే అవకాశం ఇలాంటి దెబ్బ తిన్న మోకాలికి ఎటూ ఎక్కువే, ఆపరేషన్ చేయించుకున్నా అది పూర్తిగా తప్పదు. వాషరుని కాపాడుకోవడమే మన చేతిలో ఉన్నది.

అందుకని నా మాట ఇది. ఆరు నుంచి పన్నెండు వారాలు ఫిజియోథెరపిస్టు కళ్ళ ముందు గట్టిగా చేయండి. వారానికి రెండుసార్లు చూపించుకుని మిగతా రోజులు ఇంట్లో చేస్తే చాలు. ఆ లోపు మీ పనిలోనో ఇంట్లోనో మోకాలు మళ్ళీ జారిందా, ఇక చర్చ వద్దు, ఆపరేషన్‌కి వెళ్ళండి. జారకుండా, తొడ కొలత కుడికాలికి దగ్గరగా వచ్చి, పని ధైర్యంగా చేయగలుగుతుంటే ఆపరేషన్ లేకుండానే బతకొచ్చు. నిజం చెప్పమంటే, మీ వయసూ మీ పనీ చూస్తే ఆపరేషన్ వైపే కాస్త మొగ్గుంది నాకు. అయినా ఈ వారాలు వృథా పోవు. వాపుతో, చాపలేని మోకాలుతో ఆపరేషన్ బల్ల ఎక్కితే తర్వాత కొయ్యబారే ప్రమాదం ఎక్కువ. మీ పక్కింటాయన బావమరిది కాలు ముడవట్లేదంటే నాకు రెండే అనుమానాలు, వాపు తగ్గకముందే చేయించుకుని ఉంటాడు, లేదా కుట్లు విప్పాక ఫిజియో మానేసి ఉంటాడు. రెండోదే ఎక్కువగా చూస్తుంటాను.

కొన్నిటికి మాత్రం ఈ ఆగడం వర్తించదు. మోకాలు ఇరుక్కుపోయి చాపలేకపోతే, పాదం చల్లబడినా తిమ్మిరెక్కినా, పిక్క వాచి నొప్పి పెడితే, జ్వరంతో మోకాలు ఎర్రగా వేడెక్కితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఆపరేషన్ అంటే తెగినదాన్ని కుట్టడం కాదు, కొత్తది వేయడం. మీ తొడ వెనక కండ నుంచి ఒక స్నాయువు, అంటే కండని ఎముకకి కట్టే తాడు, తీసి మడిచి, ఎముకల్లో సొరంగాలు చేసి, అందులోంచి దూర్చి స్క్రూతోనో చిన్న బటన్‌తోనో బిగిస్తారు. కొందరు చిప్ప కింది స్నాయువు వాడతారు. చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే పని, నడుములో మత్తిచ్చి చేస్తారు, సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపుతారు. పెద్ద పని ఆ తర్వాతే. కొన్ని వారాలు కర్రలు, బండి తోలడం నెలన్నర దాటాక డాక్టరు ఒప్పుకుంటేనే. మీలాంటి బరువు పనికి నాలుగు నుంచి ఆరు నెలలు. గొంతుక్కూర్చోవడం, మఠం వేసుక్కూర్చోవడం కూడా ఇంచుమించు అప్పుడే. అందాకా ఇంట్లో కమోడ్ లేకపోతే మధ్యలో కంత ఉన్న కుర్చీ ఒకటి ముందే కొని పెట్టుకోండి. ఆపరేషన్ మర్నాడు పొద్దున దాని కోసం ఊరంతా తిరిగిన ఇళ్ళు నాకు తెలుసు.

ఒక మోసపు కాలం ఉంది, దాన్ని గట్టిగా గుర్తుంచుకోండి. వేసిన స్నాయువు మొదట ప్రాణం లేని తాడే. దానిలోకి రక్తనాళాలు పాకి లిగమెంటుగా మారడానికి నెలలు పడుతుంది. ఆ మారే క్రమంలో ఆరో వారం నుంచి మూడో నెల దాకా అది బాగా బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే మీకు నొప్పి తగ్గి, నడక బాగుపడి, ‘ఇంక నాకేం?’ అనిపిస్తుంది. మళ్ళీ తెగే కాళ్ళు నా దగ్గరికి ఆ ధైర్యంతోనే వస్తాయి. ఆటల వాళ్ళకైతే తొమ్మిది నెలల లోపు బరిలోకి దిగొద్దంటాం. అంతదాకా ఆలస్యం చేసిన ఒక్కో నెలకీ మోకాలు మళ్ళీ దెబ్బతినే ముప్పు దాదాపు సగం చొప్పున తగ్గినట్టు 2016లో అచ్చయిన పరిశీలనలో తేలింది. రిషభ్ పంత్‌ సంగతి చూడండి. 2022 డిసెంబరు 30న కారు ప్రమాదంలో కుడి మోకాలి లిగమెంట్లు తెగితే మళ్ళీ మ్యాచ్ ఆడింది 2024 మార్చిలో. అతనికి రోజంతా అదే పని, చుట్టూ అంత మంది. మనకి సంక్రాంతి కబడ్డీకి అందుకోవాలని తొందర.

డబ్బు సంగతి మీరు అడగలేదు గానీ ఇద్దరు పిల్లలన్న మాటలో అదే ఉంది. మీ జీతంలో ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కోత ఉందేమో చీటీ చూసుకోండి. ఉంటే గుణదలలోనే ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది, మీ ఇంటి పక్కనే. అనారోగ్య సెలవుకి ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం ఇస్తారు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పనికీ ఇంటికీ మధ్య దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా పనిలో తగిలిన గాయంగా లెక్కగట్టే వీలు 2010 సవరణతో వచ్చింది. మీది పని నుంచి ఇంటికొస్తూ తగిలిన దెబ్బ. అలా ఒప్పుకుంటే భృతి 90 శాతం. ఆ రోజు ఎన్నింటికి షెడ్డు నుంచి బయల్దేరారో ఓనరు చేత రాయించుకోండి, మొదటి రోజు ఓపీ చీటీ, ఎక్స్‌రే పారేయకండి. ఈఎస్ఐ లేకపోతే ప్రభుత్వ పథకం ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్న ఆసుపత్రిలో అడ్మిట్ కాకముందే, అక్కడ ఆ పథకం పని చూసే ఆరోగ్యమిత్ర దగ్గరికి కార్డు, స్కానింగ్ రిపోర్టు పట్టుకెళ్ళి ఈ ఆపరేషన్ ఎంతవరకు వస్తుందో అడగండి. సొంత డబ్బుతో అయితే స్క్రూ, బటన్‌ల ధర విడిగానా కలిపా, తర్వాత ఫిజియో ఎన్ని రోజులు అని కాగితం మీద రాయించుకోండి. ఆపరేషన్‌కి అప్పు చేసి ఫిజియోకి డబ్బుల్లేక మానేసిన వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, వాళ్ళ మీద కాదు, ముందు చెప్పని వాళ్ళ మీద. సిగరెట్ అలవాటుంటే ఆపేయండి, కొత్త తాడు అతుక్కోవడానికి అది అడ్డు.

ఇక మొక్కు. ఎక్కడం మీకు పెద్ద కష్టం కాదు, దిగడమే. దసరా రద్దీలో వెనక నుంచి ఒకరు తోస్తారు, పక్కన పిల్లాడు అడ్డం వస్తాడు, మీరు ఒంటికాలి మీద గిర్రున తిరుగుతారు. అన్నిటికన్నా జనం ఎక్కువగా వచ్చే మూలా నక్షత్రం రోజు అసలు వద్దు. ఈసారి ఘాట్ రోడ్డు మీదుగానో లిఫ్టులోనో పైకెళ్ళి దర్శనం చేసుకోండి. మెట్లు వచ్చే ఏడాదికి బాకీ పెట్టుకోండి. అప్పుడు కూడా దిగేటప్పుడు రెయిలింగ్ వైపే, ఎడమ కాలు ముందు. తొడ కొలతలు రాసుకున్న కాగితం ఆరు వారాల తర్వాత నాకు పంపండి. రెండంకెలూ, మధ్యలో ఎన్నిసార్లు జారిందీ, అంతే చాలు.